హైదరాబాదు పోలీసుల ఫుట్‌బాలు జట్టు

హైదరాబాదు నగరమునకు దక్షిణమున శంషాబాదు కలదు. 2008 మార్చిలో అచ్చట అంతర్జాతీయ విమానాశ్రయము తెరువబడిన నాటినుండి ఆ పేరు దేశదేశములకు తెలిసినది. విమానాశ్రయమునకు వాయవ్యదిశగా పోయినచో హిమాయత్ సాగర్ జలాశయము, దాని ఆవలివైపున అజీజ్‌నగర్ అను గ్రామము వచ్చును. ఆ గ్రామమున డెక్కన్ అరీనా అను ఫుట్‌బాలు మైదానము కలదు. 2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ చివరి దశ పోటీలకై పండ్రెండు జట్లు హైదరాబాదునకు రాగా, తొలి ఆటలు ఈ మైదానముననే జరిగెను. ఫైనలు ఆట డిసెంబరు 31వ తేదీన గచ్చిబౌలిలో జరిగెను. పశ్చిమ బెంగాలు జట్టు కేరళను ఒక్క గోలు తేడాతో ఓడించి, ముప్పదిమూడవ పర్యాయము ఆ కప్పును గొనిపోయెను.

రాష్ట్రముల జట్ల నడుమ జరుగు ఈ పోటీని గెలిచిన వారి పట్టికలో హైదరాబాదు పేరు 1956-57లోను, 1957-58లోను వరుసగా రెండు మారులు కనబడును. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరు ఒకమారు కనబడును. అటుపిమ్మట తెలుగునాటి పేరు ఆ పట్టికలో లేదు. ఒకనాడు భారత జట్టుకు ఆటగాండ్రను వరుసగా పంపిన నగరమిది. కలకత్తా క్లబ్బులను వారి కీర్తి నిండుగానున్న రోజులలోనే ఓడించిన నగరమిది. ఆ వైభవము ఎట్లు వచ్చెను, ఎట్లు పోయెను అని తెలిసికొనగోరువారు హైదరాబాదు నగర పోలీసు జట్టు కథను చదువవలయును.

ఫుట్‌బాలు ఆటకు నేటి నియమములు ఇంగ్లండులో ఏర్పడినవి. 1863లో లండనునందు కొన్ని క్లబ్బులవారు కూడి ఒక సంఘముగా ఏర్పడి నియమములను వ్రాసికొనిరి. ఆ దేశమున నేడు జగత్ప్రసిద్ధములైన క్లబ్బులలో పెక్కింటి పుట్టుక చాల సామాన్యమైనది. మాంచెస్టర్ యునైటెడ్ అను క్లబ్బును 1878లో రైలుబండ్ల కర్మాగారపు పనివారు స్థాపించిరి. ఆర్సెనల్ క్లబ్బు 1886లో వుల్విచ్ ఆయుధశాలలోని కార్మికులవలన పుట్టినది. పగలెల్ల ఇనుముతో పెనగులాడి, శనివారము మధ్యాహ్నము సెలవు దొరకగానే బంతి తన్నుకొనినవారు వారు. కోట్ల ధనము వచ్చి చేరుట తరువాతి మాట. మొదట ఉన్నవి ఒక పనిచోటు, ఒక బయలు, ఒకరినొకరు ఎరిగిన కొందరు మనుష్యులు మాత్రమే.

ఆంగ్ల సైనికులతో కూడ ఆ ఆట మన దేశమునకు వచ్చెను. 1888లో సిమ్లాలో డ్యూరాండ్ కప్పు పోటీ, 1891లో బొంబాయిలో రోవర్స్ కప్పు పోటీ ఆరంభమయ్యెను. చాలకాలము ఆ కప్పులు తెల్లవారి పటాలముల చేతులలోనే ఉండెను. 1911లో మోహన్ బగాన్ క్లబ్బు ఈస్ట్ యార్క్‌షైర్ పటాలమును 2-1తో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలిచినప్పుడు దేశమంతయు పులకించెను. హైదరాబాదు సంస్థానమున ఈ ఆటకు ద్వారము సికిందరాబాదు దండు. 1806లో ఏర్పడిన ఆ దండులో సైనికులు ఆడుచుండగా చూచి, చుట్టుపట్ల పేటలలోని బాలురు గుడ్డబంతులతో ఆడసాగిరి. బూట్లు లేవు, ఉత్తకాళ్లే. నేల గట్టిది, రాళ్లు లేచినది. అట్టి నేలపై బంతిని అదుపులో ఉంచుకొనుట నేర్చినవానికి పచ్చికపై ఆట ఒక లెక్కలోనిది కాదు.

1939లో నగర పోలీసువారు ఒక జట్టును ఏర్పరచుకొనిరి. 1943లో అది బెంగుళూరుకు పోయి ఆష్ స్వర్ణకప్పును గెలిచెను. అయినను ఆ జట్టు పేరు దేశమునకు తెలియుటకు మరి కొన్నియేండ్లు పట్టినది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసెను. ఆ పిమ్మట 1950లో జట్టు శిక్షణభారమును ఒక పాఠశాల ఉపాధ్యాయుడు వహించెను. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివెను. కాచిగూడ, చాదర్‌ఘాట్, దారుల్ ఉలూం మున్నగు పాఠశాలలలో పిల్లలకు పాఠములు చెప్పెను. పిదప వ్యాయామవిద్యలో డిప్లొమా పొందెను. స్వయముగా మంచి ఆటగాడు. 1943నుండి మరణించువరకు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగా నుండెను. నగరమున ఆయన అందరికిని రహీం సాబే.

ఆయన ఆటను బడిపాఠమువలె చెప్పెను. ఇది పొగడ్తకు చెప్పు మాట కాదు. ఆయన పద్ధతి నిజముగా అట్టిది. మంచి ఉపాధ్యాయుడు శిష్యునికి వచ్చినదానిని మరల మరల వల్లె వేయించడు. రానిదేదో కనిపెట్టి, దానిమీదనే కూర్చుండబెట్టును. హైదరాబాదు బాలునకు వచ్చినదేది? బంతిని కాలినుండి విడువక, ఎదురువచ్చువారిని ఒక్కొక్కరిని తప్పించుకొని పోవుట. చూచువారు చప్పట్లు కొట్టుదురు. కాని పదిమంది సహచరులు ఊరక నిలువవలసివచ్చును. ఈ గుణమును మాన్పుటకు రహీం తిట్టలేదు, ఉపన్యాసములు ఇయ్యలేదు. పిల్లలకు వేరు నియమములతో పోటీలు పెట్టెను. ఒక పోటీలో డ్రిబ్లింగు నిషిద్ధము. బంతిని దొర్లించుకొనుచు పోరాదు. ఇంకొక పోటీలో బంతిని ఒక్క తాకుడు మాత్రమే తాకవలెను. రెండవ తాకుడుకు అవకాశము లేదు. అనగా బంతి తన యొద్దకు రాకముందే అది ఎవ్వరికి పోవలయునో ఆటగాడు నిశ్చయించుకొని యుండవలెను. మూడవది అన్నిటికంటె చిత్రమైనది. అందులో బలహీనమైన కాలితోనే ఆడవలెను. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో. కుడిచేతితో వ్రాయువాని చేతికి కలమునిచ్చి ఎడమచేతితో వ్రాయుమన్నట్లు! మొదట నవ్వులాటగా నుండును. బంతి ఎటో పోవును. గర్వించిన ఆటగాడు పసివానివలె తడబడును. కొన్ని మాసములు గడచిన పిమ్మట ఆ ఆటగానికి రెండు కాళ్లు వచ్చును. ఎదిరిపక్షపువానికి అతడు ఎటు తిరుగునో తెలియదు.

ఈ అభ్యాసముయొక్క ఫలము త్వరలోనే కనబడెను. 1950లో నగర పోలీసు జట్టు రోవర్స్ కప్పును గెలిచెను. 1951, 1952, 1953, 1954లలో కూడ ఆ కప్పు హైదరాబాదునకే వచ్చెను. వరుసగా అయిదేండ్లు! ఆ 1950వ సంవత్సరముననే, స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మొదటిసారి జరిగిన డ్యూరాండ్ కప్పు పోటీలో, మోహన్ బగాన్ జట్టును ఓడించి ఆ కప్పును కూడ గెలిచెను. 1954లోను, 1957లోను డ్యూరాండ్ కప్పు మరల పోలీసులదే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించిన తరువాత కొలదికాలమునకు జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీసు అని మారెను. ఆ పేరుతో 1961లో మరియొకసారి మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్‌ను గైకొనెను.

ఈ విజయములను గణించునపుడు ఒక సంగతి మరువరాదు. కలకత్తాలోని మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బులకు లక్షలాది అభిమానులు, ధనికులైన పోషకులు ఉండిరి. హైదరాబాదు జట్టువారు కానిస్టేబుళ్లు, చిరుద్యోగులు. ఆట వారికి కొలువు చూపినది. కొలువు వారికి అన్నము పెట్టినది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్, లాయక్ మున్నగు పేర్లు ఆనాటి పిల్లల నోటిలో నానుచుండెను.

పోలీసు జట్టులోని విద్య నగరమంతట వ్యాపించెను. దానికి తులసీదాస్ బలరాం కథ ఒక నిదర్శనము. బలరాం 1936లో సికిందరాబాదు చెంతనున్న అమ్ముగూడలో ఒక పేదకుటుంబమున జన్మించెను. బూట్లు కొనుటకు డబ్బు లేక, పోలీసులు పారవేసిన పాతబూట్ల తోలుతో చెప్పులు కుట్టువానిచేత ఆటబూట్లు కుట్టించుకొనెను. రహీం ఆ బాలుని ఆటను చూచి, జట్టు ఎంపికకై నగరమునకు రమ్మనెను. అమ్ముగూడనుండి నగరమునకు ప్రతిదినము వచ్చి పోవుటకు బలరాం వద్ద పైకము లేదు. రహీం తన చేతినుండి సైకిలు అద్దెకు డబ్బులిచ్చెను. ఆ అద్దె సైకిలుపై వచ్చిన బాలుడే ఇరువదియేండ్ల వయసున మెల్బోర్ను ఒలింపిక్సులో భారతదేశము పక్షమున నిలిచెను.

రహీం భారత జట్టుకు కూడ శిక్షకుడు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలోని భారత జట్టు ఇరానును ఓడించి స్వర్ణపతకము పొందెను. మరుసటియేడు హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1తో ఘోరపరాజయము కలిగెను. మనవారిలో పలువురు ఆ చలిలో తడిసిన నేలపై ఉత్తకాళ్లతో ఆడిరి. ఆ ఓటమి తరువాత బూట్లు ధరించుట మనవారికి తప్పనిసరి అయ్యెను. రహీం ఆ పోటీలలో మరియొక పాఠము కూడ నేర్చెను. ఆ ఒలింపిక్సులో స్వర్ణము గెలిచిన హంగేరీవారు తమ ఆటగాండ్రను పాతపద్ధతిలో నిలుపలేదు. మరుసటి సంవత్సరము, 1953 నవంబరులో, ఆ హంగేరీ జట్టే లండనులోని వెంబ్లీ మైదానమున ఇంగ్లండును 6-3తో ఓడించెను. ఆటను కనిపెట్టినవారికి వారి ఇంటిలోనే ఎవరో పాఠము చెప్పినట్లయ్యెను. 1958లో బ్రెజిల్ 4-2-4 అను వ్యూహముతో ప్రపంచకప్పును గెలువకముందే రహీం అట్టి వ్యూహమును మన ఆటగాండ్రకు అలవరచెనని ఆట చరిత్ర వ్రాసిన వారు పలువురు చెప్పుదురు. వ్యూహము పేరెట్లున్నను, కాలిగుణము తెలిసిన ఆటగాండ్రు లేనిదే అది కాగితముపైని గీతలే.

1956 మెల్బోర్నులో భారత జట్టు ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించెను. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు కొట్టెను. ఒలింపిక్సు ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశము మనది. పతకము దక్కలేదు, నాలుగవ స్థానము దక్కెను. 1960 రోములో హంగేరీతో 1-2తో ఓడి, ఫ్రాన్సుతో 1-1తో సమముగా నిలిచి, పెరూతో 1-3తో ఓడెను. హంగేరీ, పెరూలపై కొట్టిన గోళ్లు రెండును అమ్ముగూడ బలరామునివే.

1962లో జకార్తా ఆసియా క్రీడలనాటికి రహీం శరీరమున క్యాన్సరు వ్యాధి ప్రవేశించియుండెను. అయినను ఆయన జట్టుతో పోయెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. తరువాత థాయిలాండును, జపానును, సెమీఫైనలులో దక్షిణ వియత్నామును గెలిచి జట్టు ఫైనలు చేరెను. ఎదుట మరల దక్షిణ కొరియాయే. ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ దేశములవారిని రానీయకపోవుటను భారతదేశపు క్రీడానాయకుడొకడు ఆక్షేపించినందున ఇండోనేషియా ప్రజలు మనవారిపై కోపించియుండిరి. లక్షకు చేరువైన జనము నిండిన మైదానమున మన జట్టుకు అనుకూలముగా పలికినవారు లేరనియే చెప్పవలెను. రక్షణస్థానమున ఆడు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడియుండెను. ఆ తలతో బంతిని అడ్డుకొనుట కష్టమని రహీం అతనిని ముందువరుసకు మార్చియుండెను. సెప్టెంబరు 4న జరిగిన ఫైనలులో పి.కె. బెనర్జీ ఒక గోలు, ఆ జర్నైల్ సింగు ఒక గోలు కొట్టిరి. భారతదేశము 2-1తో గెలిచెను. నాయకుడు చునీ గోస్వామి. హైదరాబాదు గడ్డపై పుట్టిన గోలుకీపరు పీటర్ తంగరాజ్, బలరాం, ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు ఆటగాడు యూసుఫ్ ఖాన్ ఆ దళమున ఉండిరి. ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మనకు స్వర్ణము దక్కుట అదియే కడపటిసారి.

1963 జూన్ 11న రహీం మరణించెను. ఆయనకప్పుడు ఏబదినాలుగేండ్లయినను నిండలేదు. ఆయేడే ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు రోవర్స్ కప్పును మరల గెలిచెను. అది తొమ్మిదవ పర్యాయము. పదవది రాలేదు.

జట్టు ఒక్కదినమున కూలలేదు. చెరువు ఎండినట్లు మెల్లమెల్లగా తగ్గెను. నీరు వచ్చు కాలువ పూడిపోయిన పిమ్మట కూడ చెరువులో కొంతకాలము నీరుండును గదా! బలరాం 1957లోనే కలకత్తాకు ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరుటకు పోయియుండెను. తరువాత నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటి హైదరాబాదు బిడ్డలు కలకత్తా క్లబ్బులలోనే కీర్తి గడించిరి. 1970 బాంకాక్ ఆసియా క్రీడలలో కంచుపతకము తెచ్చిన జట్టుకు నయీముద్దీన్ నాయకుడు. 1977లో బ్రెజిల్ వీరుడు పెలే కాస్మోస్ జట్టుతో కలకత్తాకు వచ్చినప్పుడు, ఆ జట్టును 2-2తో నిలువరించిన మోహన్ బగాన్‌లో హబీబ్ ఆడెను. ఎక్కువ వేతనము, ఎక్కువ జనము ఉన్నచోటికి ఆటగాడు పోవుట తప్పుకాదు. పోయినవాని చోటున నిలుచుటకు మరియొకనిని తయారుచేయు పని ఆగిపోవుటయే తప్పు. బలహీనమైన కాలితో ఆడించు ఆ పోటీలు ఎవరికి పేరు తెచ్చును? వానికి టిక్కెట్లు అమ్ముడుపోవు, పత్రికలవారు రారు. వానిని నడుపుటకు ఓపికగల ఉపాధ్యాయుడొకడు కావలెను. రహీం వెనుక అట్టివారు పలువురు ఉండవలసినది. ఒక మనిషిపై ఇంతటి భారమును మోపియుంచుట నగరముయొక్క లోపమేగాని ఆయనది కాదు.

అర్ధశతాబ్దమునకు పైగా గడచిన పిమ్మట, 2019లో, హైదరాబాదునకు క్రొత్తరకపు క్లబ్బు ఒకటి వచ్చెను. పుణె నగరపు క్లబ్బు మూతపడగా దాని స్థానమున హైదరాబాదు ఎఫ్.సి. వెలసెను. ఇది కర్మాగారమునందుగాని ఠాణాయందుగాని పుట్టినది కాదు. యజమానులు పెట్టుబడి పెట్టి నెలకొల్పినది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగు విజేత కూడ అయ్యెను. నగరము మరల సంతోషించెను. కాని యాజమాన్యము మారి, 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయెను.

ఇంగ్లండులోను ఇట్టిదొకటి జరిగినది. లండనులోని వింబుల్డన్ క్లబ్బును యజమానులు దూరముననున్న మిల్టన్ కీన్స్ పట్టణమునకు తరలించుటకు 2002లో అనుమతి పొందిరి. ఆ పేటవారు ఏడ్చి ఊరకుండలేదు. అదే సంవత్సరము తామే ఒక క్లబ్బును స్థాపించి, ఊరి బయలులో ఆటగాండ్రకు పరీక్షలు పెట్టి, చాల క్రిందిమెట్టునుండి ఆట మొదలిడిరి. 2011నాటికి ఆ క్లబ్బు పెద్ద లీగులలోనికి ఎక్కెను. 2020లో తమ పాతపేటకే తిరిగివచ్చెను. తరలించినది యజమాని యాజ్ఞ. తిరిగి నిలిపినది పేటవారి అభిమానము.

శ్రీనిధి డెక్కన్ అను క్లబ్బు 2015లో స్థాపింపబడి, అజీజ్‌నగర్ మైదానమును స్వస్థలముగా చేసికొనినది. 2022-23లోను, 2023-24లోను ఐ-లీగు పోటీలో రెండవస్థానమున నిలిచెను. పిన్నవయసు బాలురకు అచ్చట శిక్షణ జరుగునా, ఎందరు తెలుగు బిడ్డలు ఆ జట్టున చేరుదురు అనునవి ఆ క్లబ్బు గెలిచిన కప్పులకంటె ముఖ్యముగా అడుగవలసిన ప్రశ్నలు.

2023 ఫిబ్రవరి 16న తులసీదాస్ బలరాం మరణించెను. ఆయన కడపటి సంవత్సరములు బెంగాలులో, గంగయొడ్డుననున్న ఉత్తరపారాలో గడచెను. అదేయేడు ఆగస్టు 15న మహమ్మద్ హబీబ్ హైదరాబాదులో కన్నుమూసెను. 2024 ఏప్రిలులో రహీం జీవితముపై ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము వెలువడెను. అద్దె సైకిలుకు డబ్బులిచ్చిన ఉపాధ్యాయుని తెరపై చూచుటకు, ఆ సైకిలు త్రొక్కినవాడు పదునాలుగు మాసములు ముందే వెడలిపోయియుండెను.